పాటలు మారాయి, ఆట మారలేదు

‘మీకు నచ్చని ప్రొడక్ట్ ఏదైనా ఒకటి చెప్పండి. ఎందుకు నచ్చలేదు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే మీ దగ్గర జవాబు ఉందా? నచ్చినవాటి గురించి అందరూ గడగడా చెప్పేస్తారు. నచ్చనిదానికి వచ్చేసరికి ‘గ్రాఫిక్స్ బాగోలేవు సార్’, ‘స్లోగా ఉంది మేడమ్’ అని ఆగిపోతారు. పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, ఫ్రెషర్స్ ఇంటర్వ్యూలకు కూర్చుంటుంటాను. ఆ రెండు జవాబులు విని విని చెవులకు అలవాటైపోయాయి.

ఎదుటివాళ్లను అడిగే ముందు నాకూ ఒక జవాబు ఉండాలి కదా. నాది ఇరవై ఏళ్ల కిందటిది. ఒక కరావోకే గేమ్ రెండో భాగం.

2005 వేసవి. నా పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. న్యూజెర్సీ నుంచి వచ్చిన బావ, పద్మారావునగర్‌లోని మా ఇంటికి తన ప్లేస్టేషన్ 2 తెచ్చాడు. అక్కడ కొన్న డిస్కులు ఇక్కడి కన్సోల్‌లో ఆడవు కాబట్టి మొత్తం సరంజామా మోసుకొచ్చాడు. దాని కరెంటు వేరు, మన కరెంటు వేరు. రాణిగంజ్ వెళ్లి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కొస్తే గానీ అది వెలగలేదు. దాంతో పాటు రెండు డిస్కులు: ‘కరావోకే రెవల్యూషన్’ మొదటి భాగం, రెండో భాగం. హెడ్‌సెట్ మైకు ఒక్కటే.

మొదటి భాగం 2003 నవంబరులో అమెరికాలో వచ్చింది. తయారుచేసింది హార్మోనిక్స్, అమ్మింది కొనామీ. తెర మీద సాహిత్యం నడుస్తుంటుంది, దాని పైన స్వరం ఎత్తును బట్టి గొట్టాల్లాంటి గీతలు. మన గొంతు హెచ్చితే బాణం పైకి, తగ్గితే కిందికి. శ్రుతి తప్పితే తెర మీది జనం మొహాలు మాడ్చుకుంటారు, మరీ చెడగొడితే పాట మధ్యలోనే దించేస్తారు. ఉన్నవన్నీ ఇంగ్లిష్ పాటలు. మాకు తెలిసినవి రెండో మూడో. అయినా వారం రోజులు ఇల్లు దద్దరిల్లిపోయింది. పక్కింటి ఆంటీ కూడా వచ్చి కూర్చునేది.

మూడో రోజున మా అక్క ఒక సంగతి కనిపెట్టింది. “ఒరేయ్, మాటలు రాకపోయినా పర్లేదురా, ‘ఆ’ అని రాగం తీస్తే చాలు, పాయింట్లు పడుతున్నై” అంది. నిజమే. ఆ గేమ్ మాటలు వినదు, స్వరం మాత్రమే వింటుంది. గొంతు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తోందో లెక్కగట్టి, ఆ క్షణంలో ఉండాల్సిన స్వరంతో పోల్చుతుంది. పైగా కింది షడ్జమంలో పాడినా, పై షడ్జమంలో పాడినా ఒకటే లెక్క. 440 హెర్ట్జ్ అయినా, దానికి రెట్టింపు 880 అయినా దానికి అదే స్వరం. అందుకే ఆడవాళ్ల పాట మగవాళ్లు పాడినా మార్కులు పడతాయి. అక్కకు సంగీతం రాదు, టెస్టింగ్ అనే మాట అప్పటికి వినలేదు. కానీ ఆమె చేసింది అచ్చంగా టెస్టరు పనే.

రెండో డిస్కు బావ ఎందుకు దాచిపెట్టాడో తెలీదు గానీ, వారం తర్వాత తీశాడు. గంటన్నర. అంతే. మళ్లీ మొదటిదే పెట్టుకున్నాం.

ఎందుకని? పాటలు కొత్తవే. కొన్ని కొత్త పాత్రలు, కొత్త వేదికలు కూడా ఉన్నాయి. కానీ ఆ వారం రోజుల్లో మేం ఆ గేమ్‌తో నిజంగా ఏం చేశామో చూడండి. ఒకే మైకును ఇద్దరి మూతుల మధ్య పట్టుకుని, తలకు తల ఆనించి, ఇద్దరం కలిసి పాడాం. గేమ్‌కు అది అక్కర్లేదు, అది ఒకరి తర్వాత ఒకరు పాడమంటుంది. రెండు గొంతులు ఒకే మైకులో పడితే బాణం పిచ్చెక్కినట్టు ఊగిపోయేది. అయినా మానలేదు. రెండో భాగంలోనైనా ఇద్దరూ కలిసి పాడే వీలుంటుందని ఆశపడ్డాం. లేదు. అదే ఒక్క మైకు, అవే వంతులు.

వాడేవాళ్లు ఎక్కడ తిప్పలు పడుతూ కూడా ఒక పని మానకుండా చేస్తున్నారో, రాబోయే వెర్షన్ అక్కడే ఉంటుందని నా అభిప్రాయం. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆ గంటన్నరలో తెలిసింది.

రెండో భాగం వచ్చింది 2004 జులైలో. దానికి రెండు నెలల ముందు, మే నెలలో, యూరప్‌లో సోనీ లండన్ స్టూడియో వాళ్ల ‘సింగ్‌స్టార్’ వచ్చింది. దాని పెట్టెలో రెండు మైకులు! పక్కపక్కన కూర్చుని పాడొచ్చు, పోటీ పడొచ్చు. పైగా అసలు గాయకుల రికార్డింగులు, వాళ్ల వీడియోలు. కరావోకే రెవల్యూషన్‌లోవి వేరేవాళ్లతో పాడించిన పాటలు. అంటే ఒకే ఏడాదిలో ఒకరు మనిషి పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టారు, ఇంకొకరు పాటల జాబితా మార్చారు. తేడా కొనామీకీ, హార్మోనిక్స్‌కూ తెలియకపోలేదు. అదే ఏడాది నవంబరులో వచ్చిన మూడో భాగంలో యుగళగీతాలు పెట్టారు. పన్నెండు నెలల్లో మూడు డిస్కులు!

ఇక్కడ నేను కొంచెం తగ్గాలి. ‘డబ్బు కోసం కక్కుర్తిపడ్డారు’ అని తేల్చేయడం సులువు, ఇంటర్వ్యూలో అలా అంటే ఒక్క మార్కు కూడా రాదు. 2004లో ఆ కన్సోల్‌కు ఇంటర్నెట్ దుకాణం లేదు. కొత్త పాట అమ్మాలంటే కొత్త డిస్కు అచ్చువేయాల్సిందే. ప్రతి పాటకూ హక్కులు కొనాలి, పాట పాతబడేలోపు అమ్మాలి. అలాంటప్పుడు రెండో భాగం అంటే పాటల మూట కాకుండా ఇంకేమవుతుంది? 2007 చివర్లో సింగ్‌స్టార్ ప్లేస్టేషన్ 3కి వచ్చినప్పుడు పాటలు విడివిడిగా కొనుక్కునే ఆన్‌లైన్ దుకాణం పెట్టారు. అప్పుడు గానీ ఆ ముడి విడలేదు. ఆ దుకాణం కూడా 2020 జనవరి 31న మూతపడింది, అది వేరే కథ. నచ్చలేదని చెప్పడం మొదటి మెట్టు అయితే, వాళ్లు అలా ఎందుకు చేయాల్సివచ్చిందో చెప్పగలగడం రెండోది. చాలామంది మొదటి మెట్టు మీదే నిలబడిపోతారు.

అదే హార్మోనిక్స్ 2005లో ‘గిటార్ హీరో’, 2007లో ‘రాక్ బ్యాండ్’ చేసింది. పాడేవాడు, గిటారు వాయించేవాడు, డ్రమ్స్ కొట్టేవాడు ఒకే గదిలో. 2009 సెప్టెంబరులో బీటిల్స్ పాటలతో తెచ్చిన రాక్ బ్యాండ్‌లో ముగ్గురు మూడు వేర్వేరు స్వరాల్లో ఒకేసారి పాడొచ్చు. పద్మారావునగర్‌లో తలకు తల ఆనించుకున్న ఇద్దరికి జవాబు దొరకడానికి అన్నాళ్లు పట్టింది. అప్పటికి మా అక్క పెళ్లయి వెళ్లిపోయింది.

ఇదంతా కెరీర్ పేజీలో ఎందుకు అంటారా? మీలో కొందరికి గేమింగ్ మీద మోజు ఉంది. అది మనకు దూరపు రంగమేం కాదు. 2009లోనే ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ హైదరాబాద్‌లో తయారైంది, మన చిర్రగోనె, కబడ్డీలతో ‘దేశీ అడ్డా’ కూడా ఇక్కడిదే. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ల స్టూడియో ఈ ఊళ్లో ఉంది. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ కూడా గతంలో హైదరాబాద్‌లో జరిగింది. అవకాశాలు ఉన్నాయి, కాబట్టే ఆశను అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. గేమ్ టెస్టింగ్ సర్టిఫికెట్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటూ వేలకు వేలు అడుగుతారు. మా వీధిలో ఒకబ్బాయి అలాగే అరవై వేలు కట్టాడు. మూడు నెలలు గేమ్స్ ఆడించి, చివర్లో రంగుల కాగితం చేతిలో పెట్టారు. వాళ్ల నాన్న మోండా మార్కెట్‌లో కూరగాయల వ్యాపారి. ఆ అరవై వేలు ఎలా కూడబెట్టాడో మీరే ఊహించుకోండి. ఆ కాగితాలను మా ప్యానెల్‌లో ఎవరూ తిరగేసి కూడా చూడరు, చెప్పడానికి నాకే బాధగా ఉంది.

చూసేదేంటో చెబుతాను. రెండేళ్ల కిందట ఒకమ్మాయి వచ్చింది. బీకాం, సీతాఫల్‌మండి నుంచి. రెజ్యూమేలో ఘనంగా ఏమీ లేదు. ఇదే ప్రశ్న అడిగాను. ఫోన్‌లో పాటలు పాడే ఒక యాప్ పేరు చెప్పింది. “సార్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాడితే స్కోరు పడిపోతోంది. వైరు పెడితే బాగానే వస్తోంది. నా గొంతులో లోపం కాదు. పాట నా చెవికి ఆలస్యంగా చేరుతోంది, నేను ఆలస్యంగా పాడుతున్నా, యాప్ నన్ను తప్పు పడుతోంది. ఒకే పాట పది పదిసార్లు రెండు రకాలుగా పాడి రాసుకున్నా” అని నోటుబుక్కు తీసి చూపించింది. తేదీ, ఫోన్ మోడల్, ఏ ఇయర్‌ఫోన్స్, ఎంత స్కోరు అన్నీ గీతలు గీసి గళ్లలో రాసుంది. మా టీమ్‌లో ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా కొన్నిసార్లు ‘సౌండ్ సరిగా లేదు’ అని బగ్ రాస్తారు. నేనూ మొదటి ఏడాది అలాగే రాశాను. మా లీడ్ దాన్ని ప్రింట్ తీసి నా డెస్కు మీద అతికించాడు.

మీరూ ఒకటి చేసి చూడండి, పైసా ఖర్చుండదు. ‘అల్ట్రాస్టార్ డీలక్స్’ అని ఓపెన్ సోర్స్ కరావోకే గేమ్ ఉంది. అందులో పాట అంటే మామూలు టెక్స్ట్ ఫైలే. ఒక్కో మాట ముక్కకు ఎక్కడ మొదలవుతుంది, ఎంతసేపు, ఏ స్వరం అని అంకెలు. మీ అమ్మమ్మ పాడే జోలపాట ఒకటి రికార్డు చేసి, దానికి ఆ ఫైలు రాయండి. (సినిమా పాటలు వద్దు, హక్కుల గొడవ.) పది నిమిషాల్లో మీకు చిక్కులు ఎదురవుతాయి. ‘లక్ష్మి’ అనే మాటను ల, క్ష్మి అని విడగొట్టాలి, ఒత్తు దగ్గర తెగితే తెర మీద అక్షరం చెదిరిపోతుంది. మన దీర్ఘాల మీద గొంతు ఒక చోట నిలవదు, ఊగుతుంది, జారుతుంది. గేమేమో ఒక మెట్టు, ఇంకో మెట్టు అని లెక్క కడుతుంది. ఒకే అక్షరాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు స్వరాలివ్వాలా, ఒక్కటే ఇచ్చి అమ్మమ్మకు మార్కులు తక్కువ రానివ్వాలా? మీరు తేల్చుకోవాలి, ఎందుకు అలా తేల్చారో రాసిపెట్టుకోవాలి. ఆ రెండు పేజీలు తెచ్చి నా ముందు పెట్టండి, అరవై వేల కాగితం కంటే ముందు వాటినే చదువుతాను.

పోయిన దసరాకు అక్క వచ్చింది. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా అటక మీదే ఉంది, కన్సోల్ ఎప్పుడో పోయింది. ఇప్పుడు స్మ్యూల్‌లో పాడుతోంది, ఒకరు సగం పాడి పెడితే ఇంకొకరు ఎప్పుడో, ఎక్కడినుంచో వచ్చి మిగతా సగం కలిపే యాప్ అది. “ఎట్లుంది?” అని అడిగాను. “బాగనే ఉంది గానీ, ఇద్దరం ఒకేసారి పాడుతుంటే వచ్చే నవ్వు దీంట్ల లేదురా” అంది. వెంటనే నోట్ చేసుకున్నాను.