మందులు పనిచేయకపోతే దారి మూసుకుపోయినట్టేనా?



మూర్ఛవ్యాధిపై మీ ఆదివారం వ్యాసం చదివాను. డాక్టరును అడగకుండా మందులు మానొద్దన్న హెచ్చరిక ఎంతో అవసరం. కానీ మందులకు లొంగని ఫిట్స్‌ను భరించాల్సిందేనన్న ముగింపును ఒప్పుకోలేను.

సరిగ్గా ఎంచిన రెండు మందులు తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే అది మందులకు లొంగని మూర్ఛ అని అంతర్జాతీయ నిపుణులు 2010లోనే నిర్వచించారు. రోగుల్లో దాదాపు మూడోవంతు మందిది ఇదే అవస్థ. అలాంటి 116 మంది పిల్లలపై ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన పరిశోధన 2017లో వెలువడింది. ఏడాది తర్వాత చూస్తే, మెదడుకు ఆపరేషన్ అయినవారిలో 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులతోనే వేచి ఉన్నవారిలో అలా బాగుపడింది 7 శాతమే! ఆపరేషన్ తర్వాత కొందరికి కాలూచెయ్యీ బలహీనపడ్డాయి; ఆ సంగతీ తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. పైగా ఈ ఆపరేషన్ అందరికీ కుదరదు. ఎమ్మారై, వీడియో ఈఈజీలతో ఫిట్స్ పుట్టే చోటు దొరకాలి.

ఈ ఆపరేషన్లు మన నిమ్స్‌లో, సికింద్రాబాద్ కిమ్స్‌లో జరుగుతున్నాయి. వ్యాసంలో ఆ మాటే లేదు. మందు మీద మందు మారుస్తూ పిల్లల బడి వయసు కరిగిపోతున్న ఇళ్లు మా కాలనీలోనే ఉన్నాయి. వాళ్లకోసం దయచేసి ఒక మూర్ఛ నిపుణుడి చేత వివరంగా రాయించండి.

— ఒక పాఠకురాలు, కాప్రా, సికింద్రాబాద్