కోశాధికారియైన బిషప్పు

“లెక్కలు సరిగా వ్రాయించినవాడు దోషి యెట్లగును?” అని వాల్టర్ స్టేపుల్డనును సమర్థించువారు అడుగుచుందురు. ఈ ప్రశ్న పైకి సహేతుకముగా కనబడును. కాని అందొక మోసము కలదు.

ఇంగ్లండున డెవన్ మండలమునకు చెందిన ఈ ధర్మశాస్త్రవేత్త 1308లో ఎక్సెటర్ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. 1314లో ఆక్స్‌ఫర్డునందు తన ప్రాంతపు విద్యార్థుల కొఱకు ఒక విద్యాలయమును స్థాపించెను. అదియే నేటి ఎక్సెటర్ కళాశాల. 1320లో ఒకమాఱును, 1322 నుండి 1325 వరకు మఱొకమాఱును రెండవ ఎడ్వర్డు రాజునకు కోశాధికారియై యుండెను. చిందరవందరగా పడియున్న రాజ్యపత్రములకు పట్టిక వ్రాయించెను. ఖజానా నడచు పద్ధతులను శాసనములతో సంస్కరించెను. అతని ప్రజ్ఞను కాదనుట మూర్ఖత్వము.

అయితే ఆ ప్రజ్ఞ ఎవరి కక్కఱకు వచ్చినది? 1322లో ఓడిన తిరుగుబాటుదారుల భూములు రాజువశమైనవి. వాని ఆదాయమును, ఏండ్లనాటి బాకీలను వెదకి వెదకి రాబట్టినది ఈ చక్కబడిన ఖజానాయే. 1326 నాటికి అందు 60,000 పౌనులకు పైగా నిలువయుండెను. రాజాశ్రితులగు డిస్పెన్సర్లు ఇతరుల ఆస్తులను కబళించుచునే యుండిరి. 1324లో ఇసబెల్లా రాణి భూములను సైతము రాజు స్వాధీనపఱచుకొనెను. అందుకు స్టేపుల్డనే ప్రేరకుడని ఆమె పక్షమువారు నమ్మిరి.

“సేవకుడు ఆజ్ఞ పాలించెను, అంతియే” అందురు. ఇతడు కూలికి కలము పట్టిన గుమాస్తాయా? రాజునకు ధర్మము బోధింపదగిన పీఠాధిపతి! కత్తికి పదును పెట్టినవాడు వేటుతో తనకు సంబంధము లేదనుట చెల్లదు. కళాశాలను చూపి దీనిని కప్పిపుచ్చుటయు తగదు. దానము చేసిన చేయియు, వసూలు చేసిన చేయియు ఒక్కటే.

1326 అక్టోబరు 15న లండను జనులు అతనిని సెయింట్ పాల్ దేవాలయమువద్ద గుఱ్ఱము మీదినుండి ఈడ్చి, చీప్‌సైడు వీధిలో రొట్టెలు కోయు కత్తితో శిరస్సు ఖండించిరి. విచారణ లేదు, సంజాయిషీ లేదు. అది ముమ్మాటికిని హత్య. కాని హతుడైనంతమాత్రమున నిర్దోషి కానేరడు. ఆనాడు జరుగని విచారణ చరిత్రకారునికి మిగిలినది. లెక్క సరిపోయినదా అని అడిగి ఊరకుండుట చాలదు. ఆ ధనము ఎవరి యింటినుండి వచ్చినది, ఎవరి బలమును పెంచినది అని కూడ అతడు అడుగవలెను. అట్లడుగని చరిత్ర రాజుగారి పద్దుపుస్తకమునకు నకలు మాత్రమే.