గొంతు ముందా, ట్రాకు ముందా?

జానపద గాయకుడు స్టూడియో మెట్లెక్కితే చాలు, మనకు ఒక తగవు తయారుగా ఉంటుంది. కీబోర్డు తగిలితే పాట పాడైందని కొందరంటారు, తగలకపోతే ఈ కాలంలో ఎవరు వింటారని మరికొందరంటారు. వాద్యాల చుట్టూ తిరిగినంతకాలం ఈ తగవు తెగదు. వెనక వాయించేవాళ్లు పాడేవాణ్ణి వింటున్నారా లేదా అన్నది ముందు తేలాలి. అది తేలితే ఏ వాద్యమన్నది చిన్న విషయమే. అమెరికన్ బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ రికార్డులను వరసగా వింటే ఈ సంగతి బాగా తెలిసివస్తుంది.

1941 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలోని స్టోవాల్ పత్తి తోటకు రికార్డింగు యంత్రం వచ్చింది. తెచ్చినవారు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయం నుంచి జాన్ వర్క్. తోటలో ట్రాక్టరు తోలే యువకుడు మడ్డీ గిటారు మీటుతూ వాళ్లకు పాడి వినిపించాడు. ఆ తర్వాత రెండు రికార్డు ప్రతులూ, 20 డాలర్ల చెక్కూ అందాయని అతనే చెప్పుకున్నాడు. తన గొంతు తాను విన్నాక ఆ పొలాల్లో అతనికి కాలు నిలవలేదు. 1943లో షికాగో రైలెక్కాడు.

షికాగో క్లబ్బుల రొదలో మామూలు గిటారు వినపడదు. అందుకే ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. 1948లో, స్టోవాల్‌లో పాడిన పాటల్లో ఒకదానికి కొత్త పేరు పెట్టి, బేసు వాయించే బిగ్ క్రాఫర్డ్ ఒక్కణ్ణే తోడు పెట్టుకుని రికార్డు చేశాడు. తొలి ప్రతులు చూస్తుండగానే అమ్ముడుపోయాయి. క్లబ్బుల్లో అతని వెనక లిటిల్ వాల్టర్, జిమ్మీ రోజర్స్ లాంటి ఉద్దండుల బృందం ఉండేది. అయినా రికార్డు కంపెనీ యజమాని లియొనార్డ్ చెస్ మొదట్లో ఆ బృందాన్ని స్టూడియో గడప తొక్కనివ్వలేదు. అమ్ముడుపోతున్న సరుకును మార్చడం దేనికన్నది ఆయన లెక్క.

ఇరవై ఏళ్లకు ఆ లెక్క తిరగబడింది. 1968లో లియొనార్డ్ కొడుకు మార్షల్ చెస్ 'ఎలక్ట్రిక్ మడ్' ఆల్బమ్ తలపెట్టాడు. రాక్ సంగీతం వింటున్న కుర్రకారును పట్టాలన్నది ఆలోచన. పీట్ కోసీ, ఫిల్ అప్‌చర్చ్ వంటి గట్టి సెషన్ వాద్యకారులను పిలిపించి, గిటార్ల మోతను ఆకాశానికెత్తాడు. మడ్డీ ఆల్బమ్‌లలో బిల్‌బోర్డ్ పట్టికకెక్కిన మొదటిది అదే. విమర్శకులు మాత్రం తూర్పారబట్టారు. మడ్డీకీ అది రుచించలేదు. సొంత బృందంతో వేదిక మీద వాయించలేని రికార్డు తనకెందుకన్నది ఆయన బాధ. తండ్రి ఉన్న బృందాన్ని ఆపేశాడు, కొడుకు లేని బృందాన్ని తెచ్చిపెట్టాడు. రెండుసార్లూ లెక్క వేసింది పాడేవాడు కాదు.

అలాగని వాద్యకారులను తప్పుపట్టలేం. పీట్ కోసీ ఆ తర్వాత మైల్స్ డేవిస్ పక్కన వాయించిన మనిషి. పబ్లిక్ ఎనిమీ బృందానికి చెందిన చక్ డీ లాంటి హిప్‌హాప్ కళాకారులు తర్వాతి కాలంలో ఆ ఆల్బమ్‌ను నెత్తిన పెట్టుకున్నారు. విడిగా వింటే ఆ వాయింపు గొప్పదే. దాని మధ్యలో మడ్డీ మాత్రం పిలవని పేరంటానికి వచ్చినట్టు వినిపిస్తాడు.

ఇక 1977 నాటి 'హార్డ్ అగైన్' వినండి. నిర్మాత టెక్సాస్ గిటారిస్టు జానీ వింటర్. మడ్డీ రికార్డులు వింటూ పెరిగినవాడు. పియానోకు పైన్‌టాప్ పెర్కిన్స్, డ్రమ్స్‌కు విల్లీ స్మిత్, గిటారుకు బాబ్ మార్గొలిన్, ముగ్గురూ మడ్డీతో రోజూ వాయించేవాళ్లు. హార్మోనికాకు పాత సహచరుడు జేమ్స్ కాటన్ వచ్చాడు. కనెటికట్ రాష్ట్రంలోని ఓ స్టూడియోలో అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, గది ధ్వని కూడా పట్టేలా మైకులు అమర్చి, మూడే రోజుల్లో ముగించారు.

అందులో మొదటి పాట 'మ్యానిష్ బాయ్'. 'ఎలక్ట్రిక్ మడ్'లోనూ ఇది ఉంది. 'హార్డ్ అగైన్'లో ముందు మడ్డీ గొంతొక్కటే లేస్తుంది. ఏ తొందరా లేదు. సాగదీస్తాడు, ఆగుతాడు. చుట్టూ ఉన్నవాళ్లు కేకలతో బదులిస్తారు. ఆ తర్వాతే బృందమంతా ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అయిదు నిమిషాలు దాటే పాటలో స్వరసంపుటి మారనే మారదు. అదే చిన్న గిటారు పలుకు, ఆ వెంటనే ఖాళీ. ఆ ఖాళీలో మడ్డీ మాట పడేదాకా మళ్లీ దెబ్బ పడదు. వెనకనుంచి వింటర్ పట్టలేక పెట్టే కేకలు కూడా రికార్డులో ఉండిపోయాయి. నిర్మాతే శ్రోతగా మారిన చోటు అది. ఈ ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. వింటర్ నిర్మించిన తర్వాతి రెండింటికీ వచ్చింది.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. బుర్రకథలో కథకుడు ఒక మాట అదనంగా పొడిగిస్తే వంతలు గుమ్మెట మీద దాన్ని అందుకుంటారే గానీ, మా దరువు అయిపోయిందని ముందుకు వెళ్లిపోరు. ఒగ్గుకథలో డోలు కూడా కథకుడి ఊపిరిని బట్టే నడుస్తుంది. అదే కళాకారుణ్ణి మన స్టూడియోలో కూర్చోబెడితే ముందే బిగించిన ట్రాకు చెవిలో పెడతాం. క్లిక్‌కు తగ్గట్టు పాడమంటాం. అతను ఆగి ఊపిరి తీసుకునే చోట మనకు తప్పు వినిపిస్తుంది. శ్రుతి కాస్త అటూ ఇటూ అయితే సాఫ్ట్‌వేరుతో చదును చేస్తాం. ఆ కాస్త తేడాలోనే అతని ఊరుందని గమనించం.

2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటతో పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య గొంతు లోకమంతా విన్నది. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. ఆ పాటకు ఎత్తుగడ ఆయనది, ఆ తర్వాత నడక సినిమాది. సినిమా పాటకు అంతకుమించి అడగలేం. కానీ ఆల్బమ్ అన్నప్పుడు అడగొచ్చు, అడగాలి.

మా కోరికలు పెద్దవేం కావు. గాయకుడితో పాటు ఊళ్లో వాయించేవాళ్లను కూడా స్టూడియోకు పిలవండి. వాళ్లకు సెషన్ వాద్యకారులతో సమానంగా డబ్బు ఇవ్వండి, పేర్లు వెయ్యండి. డ్రమ్సు, బేసు, కీబోర్డు ఏదైనా రానివ్వండి, కానీ ఆ వాయించేవాళ్లు గాయకుడి పక్కన రెండు రోజులు కూర్చుని పాట విన్నాకే చెయ్యి వెయ్యాలి. ట్రాకు ముందు కట్టి గొంతును తర్వాత అతికించే పద్ధతి మానండి. చివరి మిక్సింగు గాయకుడికి వినిపించి, ఆయన సరేనన్నాకే బయటికి వదలండి. సొంత మనుషులతో సంతలో నిలబడి మళ్లీ పాడుకోలేని పాట మీద ఆయన పేరు వెయ్యడం న్యాయం కాదు.