వృత్తి వేరు, వ్యాపకము వేరు



“మగ్గములో కూర్చోలేనివాడు ఇక దేనికి పనికివచ్చును?” అను మాట తిరుత్తణి, పళ్లిపట్టు, పొదట్టూరుపేట ప్రాంతముల నేత ఇండ్లలో తరచుగా వినబడుచున్నది. పక్షవాతము వచ్చినను, వ్రేళ్లు వంగకపోయినను, చూపు తగ్గినను ఇదే తీర్పు. సంఘము కొంత సహాయము మంజూరు చేయును; మనిషి అరుగు మూలకు చేరును. ఈ తీర్పు న్యాయము కాదని నా అభిప్రాయము. దీనిని మార్చగల వైద్యశాస్త్రమొకటి ఉన్నది.

దానిని ఆక్యుపేషనల్ థెరపీ అందురు. రోగికి బుట్టలల్లుట నేర్పి నాలుగు డబ్బులు సంపాదింపజేయుటయే ఇది కాబోలునని పలువురనుకొందురు. కాదు. ఆక్యుపేషన్ అనగా మనము వృత్తి అని వాడుక చేసికొన్నాము. ఈ శాస్త్రములో దాని అర్థము వ్యాపకము. ముఖము కడుగుకొనుట, పంచె కట్టుకొనుట, అన్నము కలుపుకొని తినుట, మనుమనికి కథ చెప్పుట, ఆడికృత్తికకు కొండకు పోవుట, మగ్గము నేయుట – మనిషి దినమును నింపునదంతయు వ్యాపకమే. కూలి వచ్చునదే పని అని లెక్కించుట మన అలవాటు. ఆ లెక్కలో కండెలు చుట్టు ఇల్లాలు కనబడదు. ఆమె మంచమెక్కిన నాడు మగ్గము ఆగినప్పుడు గాని ఆమె చేసినదేమో మనకు తెలియదు.

1917 మార్చిలో అమెరికాలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అను ఊరిలో కొందరు చేరి ఈ వైద్యమునకు సంఘము స్థాపించిరి. వారిలో జార్జి బార్టన్ డాక్టరు కాడు, భవన శిల్పి. క్షయరోగముతోను, ఎడమ ప్రక్క పక్షవాతముతోను బాధపడి, తోటపని, వడ్రంగిపనులతో తిరిగి తేరుకొన్నవాడు. 1922లో అడాల్ఫ్ మేయరు అను వైద్యుడు పని, ఆట, విశ్రాంతి, నిద్ర – ఈ నాలుగింటి పొందికలోనే ఆరోగ్యమున్నదని చెప్పెను. మన దేశములో కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకు పాఠశాల పెట్టెను. మనకు దగ్గరనున్న వేలూరులో డాక్టరు మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదములో కాళ్లు పడిపోయినను, చక్రాల కుర్చీ నుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. ఆమె కృషితో అచట 1966లో పునరావాస కేంద్రము వెలసినది.

ఈ వైద్యము చూచునవి మూడు: మనిషి, అతని పని, పని జరుగు చోటు. మనిషి బలము పెరుగనిచో పనిని మార్చవచ్చును. పని మారనిచో చోటును మార్చవచ్చును. ఎడమచేయి బలము తగ్గిన నేతగాని తీసికొందము. పనివైద్యుడు మొదట నీకేమి రోగమని గాక, తిరిగి ఏమి చేయగోరుచున్నావని అడుగును. పంచె కట్టుకొనుట అని అతడన్నచో అచటనే మొదలు. తరువాత మన పనిని ముక్కలుగా విడదీయును. కుడిచేత రాట్నము త్రిప్పుచు ఎడమచేత నూలును కండెపైకి నడుపుట కొలది నిమిషములు, అలవాటైన పిదప మరికొంతసేపు, ఆపై అచ్చు అతుకుట, చివరకు నాడె. గుంటలోనికి దిగలేనివానికి ఎత్తు మగ్గము. పట్టు చాలనివానికి లావుపాటి పిడి.

2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వము ప్రారంభించిన పథకము క్రింద ఫిజియోథెరపీ వారు ఇండ్లకు వచ్చుట మనమెరిగినదే. వారు కండకు బలమునిత్తురు. ఆ బలముతో అన్నము తినుట, నేత నేయుట ఎట్లో చూచునది ఈ రెండవ వైద్యము. ఒకటి ఉన్నదని రెండవది వద్దనరాదు.

“మగ్గమే నడుము విరిచినది, మరల మగ్గమే మందా?” అని కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. అందుకే మనిషిని మగ్గమునకు సరిపెట్టుట గాక, మగ్గమును మనిషికి సరిపెట్టవలెనని నేననుచున్నాను. రోగిచేత చవుకగా పని చేయించుకొనుటకు గాని, అతనికి రావలసిన సహాయమును కోయుటకు గాని దీనిని సాకుగా చేయరాదు. తిరిగి నేయలేనివాడు పనికిరానివాడనియు కాదు. తన చేతితో తాను తినగలిగినవాడు, వీధిలోనికి వచ్చి నలుగురితో కూర్చొనగలిగినవాడు గెలిచినవాడే.

కావున నా సూచనలు రెండు. సహాయ నిధి నుండి మగ్గము, పీట, పిడి మార్చుకొనుటకు కొంత భాగము ప్రత్యేకింపవలెను. కండెలు చుట్టు స్త్రీలకును అది వర్తింపవలెను. తిరువళ్లూరులో 2022 జనవరిలో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల వారికి, నెలకొకసారియైనను పనివైద్యుని మన ఊళ్లకు పంపుడని సంఘములన్నియు కలిసి మహజరు పెట్టవలెను. ఒక సంఘము అడిగిన వినబడకపోవచ్చును. పది సంఘములు అడిగిన వినకతప్పదు.

పోగు తెగినదని పడుగునంతయు కోసి పారవేయు నేతగాడు మనలో లేడు. మనిషి విషయములో మాత్రము ఆ పని ఎందుకు చేయుచున్నామో సభ్యులు రాబోవు మహాసభలో ఆలోచింప ప్రార్థన.