వలతో సహా ఎగరడం నేర్చుకుందాం



"టీవీ చూస్తే చదువు చెడిపోతుంది" అన్న మాట వినని విద్యార్థి ఉండడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే 1990లలోనూ, ఆ తర్వాతి కొన్నేళ్లలోనూ సంక్షేమ హాస్టళ్లలో పెరిగిన మేము ఇంకో మాట కూడా చెప్పగలం. పాఠ్యపుస్తకాల్లో దొరకని కొన్ని పాఠాలు మాకు ఆ పెట్టె ముందు దొరికాయి. అందులో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. ఏది నిలుపుకోవాలి, ఏది వదులుకోవాలి అన్నది ఈ వార్షికోత్సవ సంచికలో మీతో కలిసి ఆలోచించాలని మా కోరిక.

మన పల్లెల్లో టీవీ మొదటి నుంచీ పదిమంది కూర్చుని చూసిన వస్తువే. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించే ప్రయోగం జరిగింది. దాన్నే 'సైట్' అన్నారు. దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలను అందుకు ఎంపిక చేస్తే, ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరంతటికీ ఒకే టీవీ. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం గురించిన కార్యక్రమాలు. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. తర్వాత మెల్లమెల్లగా టీవీ ఇళ్లలోకి వచ్చింది, ఒక్కో కుటుంబానికి ఒక్కోటి అయింది. హాస్టల్లో మాత్రం అది పాత పద్ధతిలోనే ఉండిపోయింది. వందమందికి ఒక టీవీ, అదీ భోజనాల హాల్లో.

అసలు పాఠాలు అక్కడే మొదలయ్యాయి. చిన్న తరగతుల వాళ్లు ముందు, పెద్దవాళ్లు వెనక. పొడుగ్గా ఉన్నవాడు ఎంత ముందు వచ్చినా గోడ దగ్గరికే వెళ్లాలి. యాంటెన్నా తిప్పడానికి ఒకడు డాబా ఎక్కితే, వాడు చూడలేకపోయిన భాగాన్ని కిందికి దిగాక మిగతావాళ్లు చెప్పాలి. ఈ నియమాలు ఎవరూ కాగితం మీద రాయలేదు. ఉన్నది ఒక్కటైనప్పుడు దాన్ని వందమంది ఎలా అనుభవించాలో మేమే నేర్చుకున్నాం. తెర మీద "అంతరాయానికి చింతిస్తున్నాం" అన్న అక్షరాలు వచ్చినా ఎవరూ లేచి వెళ్లేవాళ్లు కాదు. తర్వాత ఏమవుతుందో తలా ఒక కథ అల్లేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం సినిమా కోసం కాచుకుని కూర్చుంటే ముందు బధిరుల వార్తలు వచ్చేవి. చేతులతో కూడా మాట్లాడవచ్చనీ, అదీ ఒక భాషేననీ మాలో చాలామందికి అప్పుడే తెలిసింది.

ఇక బొమ్మల సంగతికి వద్దాం. టామ్ అండ్ జెర్రీ 1940లో పుట్టిన బొమ్మలు. మాటలు దాదాపు ఉండవు కాబట్టి ఇంగ్లీషు రాని మేము కూడా కడుపుబ్బ నవ్వుకున్నాం. పెద్ద పిల్లి ఎదురుగా చిన్న ఎలుక తెలివితో నిలబడటం మాలాంటివాళ్లకు నచ్చకుండా ఎలా ఉంటుంది? కానీ అందులో ఒక అబద్ధం ఉంది. ఆ బొమ్మల్లో సుత్తి దెబ్బ తిన్నవాడు మరుక్షణం లేచి పరుగెత్తుతాడు. డార్మిటరీలో అలా జరగదు. చీకట్లో దుప్పటి కప్పి కొట్టిన దెబ్బ, పదిమందిలో పెట్టిన పేరు, ట్రంకుపెట్టె దాచి ఏడిపించిన పూట చాలా ఏళ్లు నొప్పి పెడతాయి. "సరదాకేలే అన్నా" అని వదిలేయవద్దు. ఇంటిమీద బెంగతో ఉన్న పిల్లవాడు అలాంటి ఒక్క రాత్రితో పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోతాడు. చాలాసార్లు అతని చదువు అక్కడితో ఆగిపోతుంది.

'జంగిల్ బుక్' లోని మోగ్లీ మాత్రం అచ్చంగా మనవాడే. జపాన్‌లో తయారైన ఆ బొమ్మల సీరియల్ 1990లలో దూరదర్శన్‌లో హిందీలో వచ్చింది. అమ్మానాన్నలకు దూరమైన పిల్లవాడిని తోడేళ్లు పెంచుతాయి. రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో పుస్తకంగా వేసిన మూలకథలో ఒక గొప్ప సంగతి ఉంది. మోగ్లీని గుంపులో చేర్చుకోవాలా వద్దా అన్న తగాదా వస్తుంది. అడవి నియమం ప్రకారం, తల్లిదండ్రులు కాని ఇద్దరు ఆ పిల్లవాడి తరఫున మాట్లాడాలి. ఎలుగుబంటి బాలూ లేచి మాట్లాడుతుంది. నల్లచిరుత బఘీరా ఒక ఎద్దును ఇచ్చి పిల్లవాడి ప్రాణం నిలబెడుతుంది. రక్తసంబంధం లేని ఇద్దరు "వీడు మావాడు" అన్నందువల్లే మోగ్లీ బతికాడు. హాస్టల్లో నిలదొక్కుకున్న ప్రతివాడి వెనకా అలాంటి ఇద్దరు ఉంటారు. లెక్కలు చెప్పిన సీనియర్ అన్న కావచ్చు, జ్వరం వచ్చిన రాత్రి గంజి కాచిన వంటమనిషి కావచ్చు, కాలేజీ దరఖాస్తుకు డబ్బు సర్దిన వార్డెన్ గారు కావచ్చు. మీ ఇద్దరు ఎవరో ఒక్క నిమిషం గుర్తు చేసుకోండి.

ఇక శక్తిమాన్ గురించి చెప్పకపోతే ఆ కాలం పిల్లలు ఒప్పుకోరు. 1997 నుంచి 2005 వరకు ముఖేష్ ఖన్నా వేసిన ఆ పాత్ర కోసం మేము గడియారం చూసుకుంటూ కూర్చున్నాం. హిందీ పంతులుగారు ఏడాదంతా చెప్పినా రాని హిందీ ఆ సీరియల్‌తో కొంత వచ్చింది. మాలో సైన్యంలో, రైల్వేలో చేరినవాళ్లకు అది పనికొచ్చింది కూడా. చివర్లో అబద్ధం ఆడకూడదు, శుభ్రంగా ఉండాలి అంటూ పిల్లలకు చెప్పే చిన్న నీతులూ బాగుండేవి. కానీ ఆపద వస్తే ఒకడు గిరగిరా తిరుగుతూ వచ్చి కాపాడతాడన్న నమ్మకం మాత్రం ప్రమాదకరమైనది. శక్తిమాన్ వస్తాడని నమ్మి పిల్లలు ప్రమాదాలు తెచ్చుకున్నారని ఆ రోజుల్లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఇలాంటివి చేయవద్దని ఆ నటుడే పిల్లలకు చెప్పవలసి వచ్చింది.

ఆ నమ్మకం పిల్లలకే పరిమితమా? పెద్దవాళ్లం కూడా ఎవరో ఒక మంచి ఆఫీసరు వస్తాడు, ఎవరో ఒక నాయకుడు వస్తాడు, అంతా బాగుచేస్తాడు అని ఎదురుచూస్తూనే ఉంటాం. మేము చదివిన హాస్టల్లో ఒక వేసవిలో బోరు మోటారు పాడైంది. ఎవరైనా పెద్దలు తనిఖీకి వస్తే చెబుదామని వారాల తరబడి ఎదురుచూశాం. ఎవరూ రాలేదు. ఆఖరికి పదో తరగతి వాళ్లు ఒక అర్జీ రాశారు. అందరం సంతకాలు పెట్టాం. సంతకం రాని చిన్నవాళ్లు పేరు రాయడం నేర్చుకుని మరీ పెట్టారు. తరగతికి ఇద్దరు చొప్పున వెళ్లి ఆ కాగితం ఇచ్చి వచ్చాం. మోటారు బాగుపడింది. ఒక్కడు వెళ్లి ఉంటే ఆ ఒక్కడికే చీవాట్లు పడేవి.

ఇక్కడే మేము అన్నింటికంటే పెద్దదిగా భావించే పాఠం వస్తుంది. దూరదర్శన్‌లో కార్యక్రమాల మధ్య ఒక చిన్న బొమ్మల చిత్రం వస్తుండేది. పేరు 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా'. 1974లో విజయా ములే గారు తీశారు, బొమ్మలు కదిలించింది భీమ్‌సేన్ గారు. గింజలకు ఆశపడి పక్షులు వేటగాడి వలలో చిక్కుకుంటాయి. ఒక్కొక్కటీ విడిగా కొట్టుకుంటే లాభం లేదని అన్నీ ఒక్కసారిగా లేచి వలతో సహా ఎగిరిపోతాయి. ఎలుకలు వచ్చి వల కొరుకుతాయి. హిందీ రాని మాకు కూడా ఆ కథ అర్థమైంది. ఎందుకంటే అది మన చిన్నయసూరి గారి 'నీతిచంద్రిక'లో, మిత్రలాభంలో ఉన్న చిత్రగ్రీవుడి కథే.

బొమ్మల చిత్రంలో లేని ఒక ముఖ్యమైన మాట ఆ పాత కథలో ఉంది. ఎలుక స్నేహితుడు హిరణ్యకుడు మొదట పావురాల రాజైన చిత్రగ్రీవుడి కట్లు కొరకబోతాడు. చిత్రగ్రీవుడు ఒప్పుకోడు. ముందు నన్ను నమ్ముకున్నవాళ్ల కట్లు తెంచు, నావి తర్వాత చూద్దువు అంటాడు. నా పళ్లు మెత్తనివి, నీవి తెంచాక ఓపిక ఉంటే వాళ్లవి తెంచుతాను అని ఎలుక చెప్పినా పట్టు విడవడు. కలిసి ఎగరడం సగం పాఠమే. తోటివాళ్ల కాళ్లకు ఇంకా వల ఉందని మరిచిపోకపోవడం మిగతా సగం.

వసతి గృహం అన్న ఆలోచన వెనుక ఉన్నది కూడా ఇదే. విదేశాల్లో పెద్ద చదువులు చదివి 1923లో తిరిగివచ్చిన డాక్టర్ అంబేడ్కర్ మరుసటి ఏడాది బహిష్కృత హితకారిణీ సభను స్థాపించారు. ఆ సభ 1925లో షోలాపూర్‌లో విద్యార్థుల కోసం వసతి గృహం తెరిచింది. తన చదువు తనకు చాలుననుకుని ఉంటే ఆ తలుపు తెరుచుకునేది కాదు.

ఇప్పుడు కాలం మారింది. ఈనాటి పిల్లలకు ఇష్టమైన ఛోటా భీమ్ 2008లో టీవీకి వచ్చాడు. అతన్ని తయారుచేసింది మన హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ. బొమ్మలు బాగా వేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అది ఆటే కాదు, బతుకుతెరువు కూడా. 2020లో కరోనా వల్ల హాస్టళ్లు మూసేసినప్పుడు దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి చానళ్లలో పాఠాలు వచ్చాయి. ఇంట్లో టీవీ లేనివాళ్లు పక్కింట్లో కూర్చుని విన్నారు. అయితే సెల్‌ఫోన్ వచ్చాక ఎవరి తెర వారిది, ఎవరి చెవిలో ధ్వని వారిది. బొమ్మలు మునుపటికంటే ఎక్కువే ఉన్నాయి. చూశాక "ఇది నిజమేనా అన్నా?" అని అడగడానికి పక్కన మనిషే తక్కువయ్యాడు. పాఠం తెరలో సగమే ఉంటుంది, మిగతా సగం పక్కనున్నవాడితో పెట్టుకున్న వాదనలో ఉంటుందని మా అనుభవం.

అందుకే పూర్వ విద్యార్థులకు మా మనవి ఒకటి. వార్షికోత్సవానికి వచ్చి పెద్ద టీవీ బహూకరించి, శాలువా కప్పించుకుని వెళ్లడం మంచిదే. దానికంటే మంచి పని ఇంకొకటి ఉంది. హాస్టల్లో కొత్తగా చేరే ప్రతి బిడ్డకూ ఇద్దరు మనుషులను చూపిద్దాం. ఒకరు హాస్టల్లోనే ఉన్న సీనియర్, ఇంకొకరు చదువు ముగించుకుని వెళ్లిన పూర్వ విద్యార్థి. ఆ బిడ్డకు దిగులు కలిగినా, ఫీజు కట్టే తేదీ దగ్గరపడినా, ఎవరైనా ఏడిపించినా, "వీడు మావాడు, ఈమె మా చెల్లెలు" అని ఆ ఇద్దరూ లేచి మాట్లాడాలి. దీనికి డబ్బు అక్కర్లేదు. నెలకు ఒక ఆదివారం, ఒక ఫోన్ నంబరు చాలు. ఈ సంవత్సరం కొత్తగా చేరినవారి జాబితాను సభ రోజున నోటీసు బోర్డు మీద పెట్టమని కోరుదాం. ప్రతి పేరు ఎదురుగా రెండు పేర్లు రాసుకునేంత ఖాళీ ఉంచమని కూడా అడుగుదాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీరూ శక్తిమాన్ కోసం ఎదురుచూడకండి. మీ మధ్య ఊరు వేరు, కులం వేరు, తరగతి వేరు కావచ్చు, మీ మీద పడిన వల మాత్రం ఒక్కటే. అందరూ ఒక్కసారి రెక్క ఆడిస్తే అది లేస్తుంది. రేపు మీకు ఉద్యోగం వచ్చి, మీ కాలికి చుట్టుకున్న తాడు తెగిన రోజున, ఈ భోజనాల హాల్లో ముందు వరసలో కూర్చున్న చిన్నవాళ్లను గుర్తుపెట్టుకోండి. అంతకంటే మేము మిమ్మల్ని కోరేది ఏమీ లేదు.