పొయ్యి వెలిగించని వంట

వేసవి సెలవులు వచ్చాయంటే వంటింట్లో పిల్లలకు దొరికే మొదటి పని పళ్ల సలాడు. "పొయ్యితో పని లేదు కదా, పిల్లలే చేసుకుంటారులే" అని పెద్దవాళ్లు నిశ్చింతగా ఆ పని అప్పగిస్తారు. నాలుగు రకాల పళ్లు కోసి, పైన కాస్త ఐస్‌క్రీము వేసుకుంటే అయిపోయింది! ఇందులో తెలుసుకోవలసింది ఏముంది అనుకుంటాం.

నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొయ్యి మీద ఉడికే పప్పుకన్నా, పొయ్యి ఎక్కని పళ్ల సలాడుకే ఎక్కువ జాగ్రత్త కావాలి. పిల్లలకు ఈ పని చెప్పవద్దని నేననడం లేదు. తప్పకుండా చెప్పాలి. కాని పనితోపాటు అందులోని విజ్ఞానం కూడా చెప్పాలి.

ఎందుకంటారా? నిప్పు మన ఆహారానికి రెండు పనులు చేసిపెడుతుంది. పదార్థాన్ని మెత్తబరచి రుచి తేవడం ఒకటి. ఇది మనకు కనిపిస్తుంది. హాని చేసే సూక్ష్మజీవులను చంపడం రెండోది. ఇది మనకు కనిపించదు. కుతకుత ఉడికే పప్పులో వేడి 100 సెంటీగ్రేడు డిగ్రీల దాకా ఉంటుంది. కడగడంలో కాస్త లోపం ఉన్నా ఆ వేడి చాలావరకు సరిదిద్దుతుంది. పళ్ల సలాడుకు అలాంటి కాపలా లేదు. నిప్పు చేయవలసిన పని మన చేతులే చేయాలి.

మరి ఐస్‌క్రీము సంగతేమిటి అని మీరు అడగవచ్చు. డెయిరీలో ఐస్‌క్రీము చేసే ముందు పాల మిశ్రమాన్ని వేడిచేసి, ఆ తర్వాతే చల్లబరుస్తారు. 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ చూపిన మార్గమిది. అందుకే దీన్ని పాశ్చరైజేషను అంటారు. పాలను 63 డిగ్రీల వద్ద 30 నిమిషాలు గాని, 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు గాని ఉంచితే వ్యాధులు కలిగించే సూక్ష్మజీవులు నశిస్తాయి. ఐస్‌క్రీము మిశ్రమాన్ని ఇంకా కొంచెం ఎక్కువగానే వేడిచేస్తారు. అంటే మీ గిన్నెలోని ఐస్‌క్రీము ఒకసారి వేడి తగిలి వచ్చినదే. పండుకు మాత్రం వేడి తగలలేదు.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. అయిదుగురికి రెండు బంగినపల్లి మామిడిపళ్లు, రెండు సపోటాలు, రెండు అరటిపళ్లు, ఒక దానిమ్మపండు, సగం నిమ్మకాయ, రెండు చెంచాల పంచదార చాలు. ముక్కలకు బంగినపల్లే సరి. రసాలు పిండుకుని తాగడానికే బాగుంటాయి.

మొదట చేతులు సబ్బుతో కడుక్కోండి. కత్తి, పీట, గిన్నె కూడా కడగండి. తర్వాత పళ్లను, కోయకముందే మంచినీళ్లతో రుద్ది కడగండి. "తొక్క తీసి పారేసేదే కదా, కడగడం దేనికి?" అంటారా? కత్తి ముందు తగిలేది తొక్కకే. తొక్కమీద ఉన్న మట్టిని, క్రిములను అదే కత్తి లోపలి గుజ్జుకు అంటిస్తుంది. కర్బూజా వంటి గరుకు తొక్క ఉన్న పండైతే ఇంకా బాగా రుద్దాలి.

మామిడి, సపోటా ముక్కలు, దానిమ్మ గింజలు గిన్నెలో వేసి పంచదార చల్లి, మూతపెట్టి చల్లనిచోట పావుగంట ఉంచండి. మూత తీసి చూస్తే అడుగున రసం చేరి ఉంటుంది! చుక్క నీళ్లు పోయలేదే, ఈ రసం ఎక్కడిది? పంచదార ముక్కలమీది తడిలో కరిగి చిక్కని పాకంలా తయారవుతుంది. పండు కణాలలోని నీరు కణపొరలను దాటి ఆ చిక్కని ద్రవంవైపు వస్తుంది. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న ద్రవాభిసరణం ఇదే.

అరటిపండు చివర కోయాలి. కోసిన చోట పండులోని ఎంజైములకు గాలిలోని ఆక్సిజను తోడై ముక్కలు గోధుమరంగుకు తిరుగుతాయి. నిమ్మరసంలోని ఆమ్లమూ, సి విటమినూ ఆ మార్పును ఆలస్యం చేస్తాయి. అనాసపండు ఉంటే వడ్డించేటప్పుడే కలపండి. అందులోని బ్రొమిలైన్ అనే ఎంజైము పాల ప్రొటీన్లను విడగొడుతుంది. ఐస్‌క్రీముతో కలిపి చాలాసేపు ఉంచితే చేదెక్కుతుంది.

ఐస్‌క్రీము అన్నిటికన్నా చివర. అది రుచికోసం మాత్రమే కాదు. మామిడిపండుకు ఆ పసుపురంగునిచ్చే కెరోటిన్ నుంచి మన శరీరం ఎ విటమిను తయారుచేసుకుంటుంది. కెరోటిన్ ఒంటబట్టడానికి కొంచెం కొవ్వు తోడుండాలి. ఐస్‌క్రీములో వెన్న ఉంది కదా! అలాగని గిన్నెలు గిన్నెలు తినకండి, ఒక చెంచాడు చాలు.

ఇక అసలు విషయం. కోసిన పళ్లను ఎంతసేపు బయట ఉంచవచ్చు? ఒక చిన్న లెక్క చేయండి. అనుకూలమైన వేడిలో కొన్ని రకాల బాక్టీరియా 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఉదయం 10 గంటలకు ఒకటి ఉందనుకుందాం. 11 గంటలకు 8 అవుతాయి. 12కు 64, ఒంటిగంటకు 512, రెండు గంటలకు 4,096! మన వేసవి మధ్యాహ్నం వాటికి ఎంతో అనుకూలం. కనుక కోసిన పళ్లను గంటలోపల తినేయాలి, లేదా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి.

"ఐసులో పెట్టాం కదా, క్రిములు చచ్చిపోతాయి" అని చాలామంది నమ్మకం. చల్లదనం క్రిములను నిద్రపుచ్చుతుందే కాని, అన్నిటినీ చంపదు. వేడి తగలగానే అవి మళ్లీ లేస్తాయి. అందుకే కరిగిపోయిన ఐస్‌క్రీమును మళ్లీ గడ్డకట్టించి తినకూడదు. చేపలను నిలవ ఉంచడానికి చేసే ఐసును పళ్లలో కలపనే కూడదు. రంగు, వాసన, రుచి బాగున్నంత మాత్రాన పదార్థం మంచిదని కూడా అనుకోవద్దు. టైఫాయిడు, కామెర్లు, విరేచనాలు కలిగించే క్రిములకు రుచీ వాసనా ఉండవు.

మామిడిపండు కొనేటప్పుడూ ప్రశ్న అడగండి. కాల్షియం కార్బైడుతో మాగబెట్టిన పళ్ల అమ్మకాన్ని మన దేశపు 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు నిషేధించాయి. కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండే అవకాశం ఉంది. పక్వానికి వచ్చిన కాయను ఇంట్లో వరిగడ్డిలో పెడితే, అది విడుదలచేసే ఇథిలీన్ వాయువుతోనే పండుతుంది. కొన్ని రోజులు ఓపిక పట్టలేమా?

ఈ సలాడును ప్రతి హైస్కూలులో ఏడాదికొకసారైనా సైన్సు పీరియడులో చేయించాలని నా కోరిక. దీనికి బర్నరు అక్కరలేదు, ఖరీదైన పరికరాలూ అక్కరలేదు. కణాలు, ఎంజైములు, విటమినులు, సూక్ష్మజీవులు అన్నీ ఒక్క గిన్నెలో ఉన్నాయి. కత్తి ప్రమాదం కదా అనేవారున్నారు. నిజమే, చిన్నపిల్లలకు పెద్దవాళ్లు కోసి ఇవ్వాలి. కాని పై తరగతులవారు టీచరు ఎదుట నేర్చుకోకపోతే ఇంకెప్పుడు నేర్చుకుంటారు? ఆడపిల్లలు కోస్తుంటే మగపిల్లలు తినడానికి కూర్చోవడం మాత్రం కుదరదు. చేతులు కడుక్కోవలసింది అందరూ!

ఈ ఆదివారం మూడు సాసర్లలో అరటిపండు ముక్కలు పెట్టండి. ఒకదానిలో ఏమీ వేయకండి. రెండోదానిలో నిమ్మరసం వేయండి. మూడోది ఫ్రిజ్‌లో ఉంచండి. పావుగంటకొకసారి రంగు చూసి నోటుపుస్తకంలో రాసుకోండి. గంట తర్వాత మూడింటినీ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకు వచ్చిందో ఇంట్లోవాళ్లకు మీరే చెప్పండి.