అన్నదమ్ముల వాటాలు, అందరి చరిత్ర

రాయలు మావాడంటే మావాడని సరిహద్దుకు ఇటూ అటూ వాదించుకోవడం మామూలే. ఆ వాదులాటకు దిగేముందు ఆరవీటి వారి ఇంటి పంపకాలు ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఆరవీటి వారు తెలుగు సేనానుల కుటుంబం. శ్రీకృష్ణదేవరాయల కూతుర్ని పెళ్లాడిన రామరాయలను 'అళియ' రామరాయలు అన్నారు. అళియ అంటే కన్నడంలో అల్లుడు. తెలుగింటి మనిషికి కన్నడ పిలుపు! 1565 యుద్ధంలో ఆయన చనిపోయాక తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండకు మకాం మార్చాడు. ముగ్గురు కొడుకులకు మూడు సీమలు అప్పగించాడు. పెనుకొండతో తెలుగు సీమ శ్రీరంగరాయలకు, శ్రీరంగపట్నంతో కన్నడ సీమ రామునికి, చంద్రగిరితో తమిళ సీమ వెంకటపతికి. భాషను బట్టి గీత గీయడం 1956లో పుట్టిన ఆలోచనేమీ కాదన్నమాట.

మరి వాటాలు నిలిచాయా? 1610లో శ్రీరంగపట్నం మైసూరు రాజ ఒడెయరు చేతికి పోయింది. 1614లో వెంకటపతి కన్నుమూశాడు. ఆయన ఎంచుకున్న వారసుడు అన్న రాముని కొడుకు శ్రీరంగడు. గొబ్బూరి జగ్గరాయలు ఒప్పుకోలేదు. రాణి కొడుకంటూ ఇంకో పిల్లవాణ్ణి ముందుకు తెచ్చాడు, కొత్త రాజును కుటుంబంతో సహా చంపించాడు. వెలుగోటి యాచమనాయకుడు తప్పించిన రామదేవుడొక్కడే మిగిలాడు. ఆ తగాదా తిరుచ్చి దగ్గర తోపూరు యుద్ధందాకా పోయింది. మదురై, సెంజి నాయకులు జగ్గరాయల వైపు, తంజావూరు రఘునాథ నాయకుడు యాచముని వైపు. జగ్గరాయలు అక్కడే హతమయ్యాడు. రామదేవుడికి గద్దె దక్కింది గానీ రాజ్యానికి పాత బలం మళ్లీ రాలేదు.

చూడండి, పెనుకొండలో మొదలైన వారసత్వం కావేరి ఒడ్డున తేలింది. ఈ కథను ఏ ఒక్క రాష్ట్రమూ పూర్తిగా చెప్పలేదు. హోసూరు పిల్లవాడు తమిళంలో, బళ్లారి పిల్లవాడు కన్నడంలో చదువుకుంటే తప్పు లేదు. కానీ ఒక అన్న వాటానే మొత్తం ఆస్తి అనుకుంటే నష్టం వాడికే. ఇంట్లో తెలుగు చదవడం నేర్పితే మిగతా వాటాల కాగితాలు కూడా వాడి చేతికొస్తాయి. ఎల్లలో ఉన్నవాళ్లకు రెండు భాషలూ వచ్చు. మూడు వాటాలనూ కలిపి చెప్పగలిగింది మనమే. రాయలు ఎవరివాడన్న పంచాయితీ కన్నా ఆ పని ముఖ్యం.